ముడత లేని చొక్కా

శనివారం పొద్దున విడిచిన బట్టలతో పాటు
నిన్నరాత్రి సీరియల్‌ని కూడా మూటకట్టి ఇస్తారు
గుంటూరు అరండల్‌పేటలో మా లైనంతా.
మెట్లెక్కి దిగి రెండూ మోసుకొచ్చి
నా ఇస్త్రీ బండి మీద పడేస్తాను.

నిన్న నూట డెబ్బయ్యారో భాగం.
బల్లిని చూస్తే బల్లెక్కే డిటెక్టివ్ పేరిశాస్త్రి
మూడేళ్ళకి వేలెత్తి చూపించాడు:
సత్రం గుమాస్తాని చంపింది
ఎవరో కాదంట,
తుమ్మి తుమ్మి సాక్ష్యాలన్నీ ఊదేసే
మన కానిస్టేబుల్ బుజ్జిలింగమే!

"అన్యాయం నాంచారమ్మా" అంది ఎలీషమ్మ టీచరు
దుప్పట్లు లెక్కపెట్టడం ఆపి.
"నవ్వించేవాడి చేతికి కత్తిస్తారా ఎవరైనా?"
ఆరు దుప్పట్లని ఏడని రాసుకుంది.
వెంటనే దిద్దలేదు నేను.
ఆమె మొహం అలా ఉంది.

మూడో అంతస్తు పిల్లలకి మాత్రం పండగే.
మెట్ల మీద ఒకడు తుమ్ముతాడు,
ఇంకొకడు చచ్చిపడతాడు.
చచ్చినవాడి నిక్కరు ముడతలు తియ్యాల్సింది నేను.

"కథ ఎప్పుడో అయిపోయిందమ్మా.
కోల్డ్ స్టోరేజీలో రెండో ఏడు పడున్న కాయలా
రంగు దిగిపోతే ఘాటు చూపించి అమ్ముతున్నారు."
యార్డులో పదేళ్ళు టిక్కీలు మోసి
ఇప్పుడు గేటు కాస్తున్న ఖాజావలి మాట ఇది.
అయినా వచ్చే శుక్రవారం
తొమ్మిదికి ఐదు నిమిషాల ముందే గేటేస్తాడు.

రిజిస్ట్రారాఫీసులో రిటైరైన పానకాలరావు గారు
అభిప్రాయం చెప్పరు, తీర్పు చెబుతారు.
"పన్నెండో భాగంలో వాడిది ఎడమచేతి వాటం.
నిన్న కుడిచేత్తో తాళం తీశాడు.
రాసేవాడికి బుర్ర లేదు, చూసేవాడికి పని లేదు."
మరి మీరో, అనలేదు నేను.
నాలుగు చొక్కాలు రెండు పంచెలు, అన్నాను.

నన్నెవరూ అడగలేదు గానీ
నాకు నూట అరవయ్యో భాగంలోనే తెలుసు.
అన్ని వారాలూ
గంజి మొహం చూడని గుడ్డలా తిరిగాడు బుజ్జిలింగం.
గుమాస్తా పోయిన రాత్రి మాత్రం
చొక్కా చేతి మీద గీత, కత్తిలా.
భుజం దగ్గర ఒకటి కాదు, రెండు గీతలు.
చేతకాని ఇస్త్రీ. సొంత ఇస్త్రీ.
పెళ్ళాం లేదు, బండికి వెయ్యడు,
అర్ధరాత్రి ఎక్కడికి పోదామని రుద్దుకున్నట్టు?
పేరిశాస్త్రి అప్పుడు భూతద్దంలో
బీడీ బూడిద చూస్తున్నాడు.
నా బండి దగ్గర నిలబడుంటే
ఒక్క వారంలో తేలే కేసు.

పంచెలయ్యాక, పానకాలరావు గారి తెల్లచొక్కా.
జేబులో మందంగా తగిలింది.
జేబు సంగతి మా అమ్మ నేర్పింది:
తియ్యి, రుద్దు, ఉన్నచోటే పెట్టు.
చదవొద్దని మాత్రం చెప్పలేదు, ఆమెకి చదువు రాదు.

పోస్టు కార్డు.
ఉతికిన చొక్కాలో తడవని కార్డంటే
రాత్రి రాసి, దాచి, మరిచారన్నమాట.
దస్తావేజు లాంటి గుండ్రటి అక్షరాలు:

"అయ్యా, బుజ్జిలింగానికి ఉరి వెయ్యవద్దు.
కుడిచేతి పొరపాటు మీద
వాడు కాదని తేల్చడానికి ఇంకా వీలున్నది.
శుక్రవారం రాత్రి మా ఇంట్లో
వాడి తుమ్ము తప్ప మరో చప్పుడు"

అక్కడితో ఆగింది.

బొగ్గులు పక్కకి లాగి
పట్టుబట్టకి చాలేంత వేడి మీద
కార్డు మడత తీసి మళ్ళీ పెట్టాను.

సాయంత్రం బట్టలందుకుంటూ జేబు తడుముకున్నారు.
నా వైపు చూశారు.
"ఎలా ఉందండీ ఇస్త్రీ?"
"ఊఁ. రాసేవాడికే బుర్ర లేదు" అన్నారు.

సందు మలుపులో పోస్టు డబ్బా ఉంది.
ఆదివారం, ఇంకా తెల్లారక ముందే,
ముడత లేని చొక్కా తొడుక్కుని
పానకాలరావు గారు ఎటు వెళ్ళొచ్చారని
గేటు తీసిన ఖాజావలిని అడుగుదామనుకున్నా.

అడగలేదు.