సున్నకు అడ్డగీత

యూసుఫ్‌గూడల మెట్రో పిల్లర్‌కు ఎదురుగ
జిరాక్స్ దుకాణం మీద రెండో అంతస్తు.
గోడలకు గోనెసంచులు, వాటెనుక పాత పరుపుల దూది.
దీన్నే మేం స్టూడియో అంటం.
పది నిమిషాలకోసారి రైలు పోతది.
అది చెవికి రాదు, నలభై హెర్ట్జుల కాడ
అరికాళ్లకు వస్తది.
అందుకే ప్రతి ట్రాకు గడపల
ఒక ఫిల్టర్‌ను కావలి పెట్టిన.

పదకొండు ట్రాకులు.
ఏ.సీ. గార్డ్స్ నుంచి రెండాటోల దిగిన బృందం:
మర్ఫాలు, ఢోళ్లు, ఒక స్టీలు బిందె,
సాలెం చావుష్ చేతిల పెద్ద డఫ్,
దానికి ముందొక మైకు, వెనుకొక మైకు.
పెండ్లి మండపాలు చూపెట్టే యాప్ వాళ్లకు
ముప్ఫై సెకండ్లు చాలట.
"క్లీన్‌గా కావాలి మేడం" అన్నడు సుధన్వ,
వాళ్ల తరఫు పిలగాడు,
మూడుసార్లు.

క్లీన్ అంటే ఏందో నాకు తెలుసు గని
మర్ఫా మైకుల బిందె ఉన్నది,
బిందె మైకుల సాలెం దగ్గు ఉన్నది,
అందరి మైకులల్ల అందరున్నరు.
ఒక్క గదిల కూసొని కొట్టినోళ్లను
ఏ కత్తితోని విడదీయాలె?

అయినా కూసున్న.
మర్ఫాలన్నిటిని ఒక బస్సెక్కిచ్చిన,
ఢోళ్లది ఇంకో బస్సు.
మా పనిల బస్సు గూడ కోఠి బస్సు లెక్కనే,
ఎక్కినోళ్లందరిది ఒక్కటే బ్రేకు.
గేట్ పెట్టిన,
మైనస్ ముప్ఫైకి కిందున్నదేదీ
లోపలికి రావద్దని.
దగ్గు పోయింది.
దెబ్బకు ముందు పీల్చే ఊపిరి పోయింది.
ఫోటోల నుంచి కత్తిరించిన మనిషి లెక్క
దెబ్బ ఒక్కతే మిగిలింది.
గేటు కొంచెం దించిన.
ఊపిరొచ్చింది. దాని వెనుకనే దగ్గొచ్చింది.
ఉండనిచ్చిన.

ఒకసారి పొరపాటున
రెవర్బ్‌ను రెవర్బ్‌కే పంపిన.
అరసెకండు.
కింద జిరాక్స్ నరహరి మెట్లెక్కి వచ్చిండు,
ఎవరన్న పడ్డరా అని.

డఫ్ ఆఖరుకు ఉంచుకున్న.
ముందు మైకు ఎడమకు, వెనుక మైకు కుడికి.
హెడ్‌ఫోన్లల్ల అదెంత వెడల్పయ్యిందంటే
పొద్దుగాల నెక్లెస్ రోడ్డు మీద నడిచినట్టు.
తల నడుమ గాలి, రెండు దిక్కుల సాలెం.
నా భుజం నేనే తట్టుకున్న.

తెల్లారి సాలెం వచ్చిండు.
హెడ్‌ఫోన్లు ఇయ్యబోతే వద్దన్నడు.
"మా వాళ్లందరు ఫోన్లనే వింటరు, దీంట్ల పెట్టు."
పాత ఫోను, అడుగున ఒక్కటే స్పీకరు.
విన్నడు. మళ్ల పెట్టమన్నడు.
కుడిచెయ్యి బల్ల మీద వేసి ఆడిచ్చుకుంట విన్నడు,
ఎడమచెయ్యి ఒళ్లెనే ఉన్నది.
"ఇండ్ల నేనేడున్న బేటీ?"

మర్ఫాలున్నయి, బిందె ఉన్నది, దగ్గు గూడ ఉన్నది.
డఫ్ మాత్రం
పక్కింట్ల ఎవరో కొడుతున్నట్టు.
గోరు చప్పుడు మిగిలింది, చెయ్యి పోయింది.

ముందు మైకు తోలు దూరం పోవుడు చూసింది,
వెనుక మైకు అదే తోలు మీదికొచ్చుడు చూసింది.
ఇద్దరు చూసింది చూసినట్టే చెప్పిన్రు.
ఒకరు గుట్ట అన్నరు, ఒకరు గుంత అన్నరు,
రెండూ ఒక్క స్పీకరుల పోస్తే
సాపు నేల.

వెనుక ట్రాకు నెత్తిమీద చిన్న బటన్,
సున్నకు అడ్డగీత.
నొక్కిన.

వెడల్పు పోయింది. నెక్లెస్ రోడ్డు పోయింది.
గల్లీ నడుమల నిలవడ్డట్టు
నిండుగ, దగ్గరగ, డఫ్.
"జర ఆలస్యంగ వస్తున్నది" అన్నడు కండ్లు మూసుకొని.
చూస్తే డఫ్ దారిల
నేను పెట్టి మరిచిన కంప్రెసర్ ఒకటి,
తొమ్మిది మిల్లీసెకండ్లు తింటున్నది.
తీసేసిన.
ఒళ్లెకెల్లి ఎడమచెయ్యి లేసి
బల్ల మీదికొచ్చింది.

సుధన్వ ఫోన్.
"క్లీన్‌గా వచ్చిందా మేడం?"
రైలు పోతున్నది, అరికాళ్ల కింద.
బల్ల మీద చేతులు ఆగలే.
వచ్చిండు, అన్న.