తూకం గుమస్తా

గేదెల దాలప్పడు గారి ఇంటిపేరు విని
మొదట్లో నవ్వుకున్నాను.
ముప్ఫై నాలుగేళ్లు నెల్లిమర్ల జూట్ మిల్లులో
గోగునార తూచిన మనిషి,
గేటుకి తాళం పడ్డాక
తగరప్పెట్టెలో నూటపది సీసాలు సర్దుకుని
గేదెలకే మందిస్తున్నాడు.

టన్నుల్లో లెక్క రాసిన చెయ్యి
ఇప్పుడు ఒక చుక్కని నూరు చుక్కల్లో కలిపి
అందులోంచి ఒక్కటి తీసి మళ్లీ నూరింట్లో కలిపి
ఆ చివరిదాన్ని పంచదార గుళికలకి తాగిస్తుంది.
"ఇంకేం మిగుల్తాది తాతా?" అంటాను.
"మిల్లులో గోనె బరువు తీసేసి సరుకు రాసీవోళ్లం.
ఇది తిరగేసిన తూకమమ్మా.
సరుకు తీసేసి గోనె ఉంచుతాం."

నేను సచివాలయంలో పశువుల సహాయకురాలిని.
స్కూటీ వెనక ఐసుపెట్టె, సంచిలో సూదులు,
ఫోనులో ఆరు గడులు:
చెవి ట్యాగు, జాతి, వయసు, జబ్బు, మందు, ఫొటో.

ఆయన చీటీకి గడులుండవు.
పాక గుమ్మంలో గొంతుక్కూచుని అడుగుతాడు:
"ఏ పక్కకి తొంగుంతాది?
గుక్కెడు గుక్కెడు తాగతాదా, కుడితంతా ఒక్కసారే లాగీసుద్దా?
ఉరిమితే బెదురుద్దా?
దూడ సచ్చిపోనాక ఎన్నాళ్లరిసింది?"

ఇజ్జురోతు గున్నమ్మ తెల్లబోయింది.
పదకొండేళ్లుగా చేత్తో పాలు పిండుతున్న గేదె
ఏ పక్కకి పడుకుంటుందో ఆవిడకి తెలీదు.
ఆ రాత్రి టార్చిలైటు పట్టుకుని
పాకలోనే కూర్చుంది, దోమల్లో.
పొద్దున్నే వచ్చి "ఎడం పక్క" అంది.
అని, కొంగు నోట్లో కుక్కుకుంది.
"నన్నూ ఎవలూ అడగనేదు బావూ, ఏ పక్కకి తొంగుంతానో."
ఆయన గుళికలు లెక్కపెడుతూ
తలెత్తలేదు.

పొదుగు వాపుకి నేను సూది వేస్తే
మూడ్రోజులు కేంద్రంలో పాలు పొయ్యొద్దని కూడా చెప్తాను.
మూడ్రోజుల పాలంటే
గున్నమ్మకి సంఘం వాయిదా.
అందుకే ముందు తగరప్పెట్టె, ఆనక నా స్కూటీ.
ఎవరిని తిట్టను?

ఆషాఢంలో గొంతువాపు దిగింది.
జ్యేష్ఠంలోనే రావలసిన టీకాలు
విజయనగరం దాటి రాలేదు.
ఆయన రెండు రోజులు గుళికలు వేశాడు,
గంటకి నాలుగు, రాత్రంతా మేలుకుని,
అలారం గడియారం గాటికి వేలాడదీసి.
మూడోనాడు నేను సూది కొట్టేసరికే
గేదె నాలుక బయటికొచ్చేసింది.
గురక. తర్వాత అదీ లేదు.

గొయ్యి తీశారు. సున్నం. ఉప్పు.
చెరో గట్టు మీదా నిలబడ్డాం.
నా ఆలస్యం ఎంత, ఆయన ఆలస్యం ఎంత,
తూచడం తెలిసిన మనిషి అక్కడ ఒక్కడే.
ఆయన తల వంచుకుని ఉన్నాడు.
తాళ్లు వదిలేముందు మాత్రం
కుర్రాళ్లతో అన్నాడు:
"ఎడం పక్కకి తొంగోబెట్టండిరా."

ఇప్పుడు జొరమంటే చీటీ ముందు నాకే వస్తుంది.
"ముక్కు ఎండింది. మేత మొకం సూడదు.
రేతిరి నుంచి మూలుగు. సూదికి రా."
మా డాక్టరుగారు కూడా అంత బాగా రాయరు.
కుక్కలు తరిమిన పెయ్యలకీ, దూడ పోయిన తల్లులకీ
గుళికలింకా ఆయనే వేస్తాడు.
నేనేమీ అనను.
నమ్మకం కుదరలేదు. ఓసారి ఒకటి నోట్లో వేసుకున్నాను.
తియ్యగా ఉంది, అంతే.

నిన్న చంపావతి అవతల
ఒక పెయ్యకి టీకా వేసి, ఆరు గడులూ నింపి,
సిగ్నలు కోసం ఫోను పైకెత్తి నిలబడ్డాను.
ఏమనిపించిందో, పక్కనున్న కుర్రాణ్ణి అడిగాను:
"ఉరిమితే బెదురుద్దా ఇది?"
వాడు నన్ను వింతగా చూసి
"తెల్దు మేడం" అన్నాడు.

చీపురుపల్లి వైపు మబ్బు కమ్ముతోంది.
స్కూటీకి స్టాండు వేశాను.