పద్నాలుగో నిబంధన

తూకం నా పని.
ముప్పై ఒక్క ఏళ్ళు ధాన్యం గిడ్డంగి దగ్గర లారీలు తూచాను,
ఇప్పుడు ఆదివారాలు కార్లు తూస్తున్నాను.
చుట్టూ కనోలా పసుపు. నడుమ, యుద్ధకాలంలో
కుర్రాళ్ళు విమానం నేర్చుకున్న పాత రన్‌వే.
పగుళ్ళలో తారు పోసి, మధ్యన గీత గీసి
మైలులో ఎనిమిదో వంతు మాకని మిగుల్చుకున్నాం.

రూల్సు పుస్తకం పదకొండు పేజీలు.
నేనూ, పోయిన వాల్టర్ డ్యుయెక్కూ
ఒక చలికాలమంతా వాళ్ళ వంటింట్లో కూర్చుని రాశాం.
చౌక తరగతి. వీధి టైర్లు.
డ్రైవరుతో కలిపి మూడువేల రెండువందల పౌన్లు.
ఇంజన్ ఖర్చు మూడువేల డాలర్లు దాటకూడదు,
రసీదులు చూపాలి.

రసీదులు!
సస్కాచ్వాన్‌లో చర్చి మానని మనిషి కూడా
పిస్టన్ల ధర అడిగితే బావమరిదిని తలుచుకుంటాడు.
ఊరికే ఇచ్చాడట. పాత సామానట. మార్పిడికి వచ్చిందట.
అన్నీ కాకిలెక్కలే,
ఒక్క కాకీ చేతికి చిక్కదు.

అందుకని వాల్టర్ పద్నాలుగోది రాశాడు:
గెలిచినవాడి ఇంజన్‌ని ఓడినవాడు
మూడువేలు బల్లమీద పెట్టి కొనుక్కోవచ్చు.
కాదనడానికి వీల్లేదు.
మూడువేలకు పోయేదాని మీద పదివేలు ఎవడు పోస్తాడు
అని వాడి లెక్క.
రాసి, పెన్సిలు చెవి వెనక దోపుకుని, రెండో బీరు తెరిచాడు.

తొమ్మిదేళ్ళు దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.
మాకు మొహమాటం జాస్తి.
తెల్లారితే అదే పెట్రోలు బంకులో మొహాలు చూసుకోవాలి.

ఈ ఆగస్టులో జోసెట్ లాఫ్రమ్‌బోయ్ గెలిచింది.
స్కూలు బస్సు నడుపుతుంది.
మేనమామ వెల్డింగు షెడ్డులో, మైనస్ ముప్పైలో,
ఒక చేతికే గ్లవ్ వేసుకుని, రెండో చేతి వేళ్ళతో తడిమి తడిమి
తుక్కు ట్రక్కు ఇంజన్‌కి ఊపిరి దారులు నున్నగా అరగదీసింది.
రసీదులు బిస్కెట్ల డబ్బాలో: పద్నాలుగు వందల ఇరవై.
ఆ రాత్రులకు రసీదు లేదు.
మా పుస్తకంలో వాటికి గడి కూడా లేదు.

ఓడింది గ్రాంట్ ఎల్విడ్జ్. కోతమిషన్లు అమ్ముతాడు,
మూడు ఊళ్ళలో షోరూములు.
చెడ్డవాడు కాదు, మా లైట్ల స్తంభం అతను ఇచ్చిందే.
అతని రసీదుల మొత్తం రెండువేల తొమ్మిదివందల తొంభై.
నేను దాన్ని చూసి తుమ్మాను. అంతకుమించి ఏమీ అనలేదు.

సగం బానెట్టు తేడా.
నా బల్ల దగ్గరకొచ్చాడు, నోట్లు అంచులు సరిచేసి పెట్టాడు.
"పద్నాలుగు," అన్నాడు.

కాసేపు జనరేటరు ఒక్కటే మాట్లాడింది.
పిల్లికని చేయించిన గంట
ఎలుక మెడలో మోగుతోంది.
తెలిసిందే అయినా పుస్తకం తెరిచాను.
వాల్టర్ రాతలో అక్షరం తప్పు లేదు.
"ఓడినవాడు" అనే ఉంది.
"లేనివాడు" అని లేదు.

జోసెట్ డబ్బు లెక్కపెట్టింది, రెండుసార్లు.
మేనమామ ఫ్రెంచిలో ఏదో అన్నాడు, దీవెన మాత్రం కాదు.
"పదిహేను వందల ఎనభై లాభం," అంది ఆమె.
"వచ్చే ఏడు ఇంకోటి కడతాను. అదీ కొంటావా?"
ఎల్విడ్జ్ నవ్వాడు, కాస్త ఆలస్యంగా,
పచ్చలైటు పడ్డాక ఉలిక్కిపడ్డవాడిలా.

గొలుసు వేసి ఇంజన్ ఎత్తుతుంటే ఒక్కమాటే అంది:
"మెల్లగా. ఎడమవైపు గ్యాస్కెట్ కొత్తది."

పద్నాలుగు కింద ఏదో ఒకటి చేర్చాలని
ఆ రాత్రి నుంచీ పెన్సిలు పడుతున్నాను. ఆస్తి అని రాస్తాను,
జీతం అని రాస్తాను, రబ్బరు అరిగిపోతుంది.
లారీకి కాటా ఉంది, కారుకు ఉంది,
ఎవరి దగ్గర ఎంతుందో తూచేది నా దగ్గర లేదు.

ట్రైలరు దాకా నెడుతుంటే
ఖాళీ కారు నా కాటా మీదుగానే వెళ్ళింది.
అలవాటు కొద్దీ చూశాను, రెండువేల నాలుగువందల తొంభై.
కాగితంలో అంకె వేశాను.
తరగతి అన్నచోట పెన్ను ఆగింది.
వెనక ఎవరో హారన్ కొట్టారు.