మూతి కుట్టని బస్తా

కాశిబుగ్గల, మెడికల్ షాపు మీది అంతస్తు.
ఎనుమాముల యార్డుల కాంటాలు బంద్ అయినంక
ఒంటినిండ మిర్చి ఘాటుతోనే పోయి కూసున్న.
పక్కసీటు ఇంటర్ పిల్లగాడు
తుమ్మి, జరంత దూరం జరిగిండు.

నస్రీన్ మేడం బోర్డు మీద
రెండు వంకరలు గీసింది,
ఒకటి అటు మొఖం, ఒకటి ఇటు మొఖం.
"దీన్నే ట్యాగ్ అంటరు, ఓదెలన్నా."
నాకైతే అవి కొక్కేలు.
పందొమ్మిదేండ్లు బస్తా చెవులల్ల దించిన కొక్కేలు.

హెడ్డు వేరే, బాడీ వేరే అన్నది.
హెడ్డుల రాసింది పేజీ మీద కనవడదట,
లోపల్నే ఉండి నడిపిస్తదట.
మా అడ్తి సేటు యాదికొచ్చిండు.
ఆయన దుకాణానికి పేజీ చేసుడే నా పని,
గందుకే ఫీజు ఆయనే కట్టిండు.

తెరిసిన ట్యాగును గీత గీసి మూయాలె.
దబ్బనం, సుతిలి పట్టినోనికి
గిది చెప్పాల్నా?
అయినా మర్చిపోయిన.
"చపాటా" ఒక్క మాటే లావుగుండాలనుకుంటే
కిందున్నయన్నీ లావెక్కినయి
తేమ, తరుగు, ఫోన్ నంబరు, ఆఖరుకు ఆదివారం సెలవు.
మూతి కుట్టని బస్తా బండెక్కిస్తే
గేటు కాడికెంచి పైడిపల్లి దాక
రోడ్డంత ఎర్రగైనట్టు.

కుప్ప ఫొటో పెట్టిన.
"బొమ్మ రాకుంటే దాని జాగల ఒక మాట ఉండాలె.
సూపు లేనోళ్లకు మిషను అదే చదివి వినిపిస్తది."
"ఎర్ర మిర్చి కుప్ప" అని కొట్టి, చెరిపేసిన.
సూపు లేనోనికి ఎరుపుతోని ఏం పని?
చానసేపటికి రాసిన:
"పది అడుగుల దూరంల తుమ్మొస్తది,
ఇంకింత దగ్గరికొస్తే కండ్లల్ల నీళ్లు."
పిల్లగాడు తొంగి చూసి మళ్ల తుమ్మిండు,
ఈసారి నవ్వుకుంట.

ఇగ కామెంట్.
రాస్తే ఉంటది, పేజీల కనవడది.
"రేపు మనకే గుర్తుండెతందుకు," అన్నది మేడం.

సేటు పేరు పెద్ద హెడ్డింగు.
దాని కింద రేట్ల పట్టిక.
ఆ రెంటి నడుమ,
ఒక ఆశ్చర్యార్థకం, రెండు అడ్డగీతల చాటున
ఒక్కొక్క అక్షరమే ఏరుకొని కొట్టిన:
మోసినోళ్లు జన్ను కొంరయ్య, సిలివేరు సాంబయ్య,
మెట్ల మీద నడుం పోయిన సింగారపు రాజలింగు,
కుట్టినోడు ఓదెలు.

మళ్ల రెండు అడ్డగీతలు, ఒక కొక్కెం.
మూసుడు ఈసారి మర్వలే.

సేటు పొద్దున ఫోన్ల తెరిసి,
కిందికీ మీదికీ జరిపి చూసిండు.
"మంచిగున్నది, ఎక్కువ తక్కువ ఏం లేదు" అన్నడు.