రెండొందల బిందెలు

పొట్టంగి దాటాక తారురోడ్డు ఆగిపోతుంది.
అక్కణ్ణుంచి మూడు మెలికలు ఎక్కితే కెందుగుడ.
ఊరి మీది బోడికొండ నెత్తిని జేసీబీతో గొరిగారు.
సున్నం గియ్యడానికి సాలూరు నుంచి నన్ను పిలిచారు.
ఎవరొస్తారో చెప్పలేదు.

మేకుకి తాడు కట్టి సున్నా తిప్పాను.
నడుమ ఆ ఇంగ్లీషు అక్షరం,
రెండు నిలువుగీతలు, ఒక అడ్డగీత.
నాకది ఒంటిమెట్టు నిచ్చెన.
గురుబారి కూతురు మాత్రం
"మంచం కోళ్లు" అని ఒరియాలో నవ్వింది.

తహసీలు గుమాస్తా కాగితం చదివాడు:
దుమ్ము లేవకూడదు,
రెండొందల బిందెలు చల్లాలి.
ట్యాంకరు రెండో మెలిక దగ్గర
పొగలు కక్కుతూ కూలబడింది.

ఊట ఒక్కటే, కొండ నడుంలో.
ఏప్రిల్లో అది
చంటిపిల్ల ముక్కులా కారుతుంది.
ఒక్క బిందె నిండేలోగా
ఒక చుట్ట అడ్డపొగలో అయిపోతుంది.

ఆడవాళ్లు మోశారు.
రాతి మీద బొగ్గుగీతలు పెడుతూ
నలభై దాకా లెక్కపెట్టాను.
నలభై ఒకటో బిందె గురుబారిది.
దించింది. నేలకేసి చూసింది.
తాగినదంతా తాగేసి
నేల మళ్లీ ఎర్రగా ఆమెకేసి చూస్తోంది.
బిందె తిరిగి నెత్తికెత్తుకుని
ఇంటిదారి పట్టింది.
వెనకే మిగతావాళ్లు.
నేను ఆపలేదు.
పోతూ పోతూ
నా దోసిట్లోనూ ఇంత పోసింది.

పదకొండున్నరకి మోత.
ముందు కోళ్లు విన్నాయి.
కొండ భుజమ్మీంచి వచ్చి, తగ్గుతూ, తగ్గుతూ,
సరిగ్గా నా సున్నా మీద నీడ వేసింది.
అంత సరిగ్గా పడిందని
గర్వపడ్డాను కూడా, దాచడమెందుకు.

అప్పుడు నేల లేచింది.
నూట అరవై బిందెల దప్పికతో
ఒక్కసారిగా, ఎర్రగా.
లోపల ఏం జరిగిందో ఎవరం చూడలేదు.
తిరగలి రాతిమీద పడి పగిలిన చప్పుడు.
రెక్కముక్క ఒకటి
కోతైపోయిన చోడిచేను దాకా ఎగిరి
మెత్తగా దిగింది.
మెత్తగా దిగింది అదొక్కటే.

దుమ్ము తేరేసరికి
ఈనలేని ఆవులా పక్కకి ఒరిగి ఉంది.
ముగ్గురు పాక్కుంటూ బయటపడ్డారు.
నడిపినవాడు బెల్టుకే ఉండిపోయాడు.
మా పెద్దగుంటడి ఈడు.
పెదాలు కదుల్తున్నాయి.
ఏ భాషో తెలీలేదు,
ఏం అడుగుతున్నాడో తెలిసింది.

గురుబారి వచ్చింది,
నలభై ఒకటో బిందెతో.
కొంగు ముంచి పెదాల మీద పిండింది.
రెండు గుక్కలు మింగాడు.
మూడోది గడ్డం మీంచి కారిపోయింది.

వారానికి కోరాపుట్ నుంచి ఎంక్వైరీ.
బల్ల, ఫ్యాను, నా ముందు చల్లారుతున్న టీ.
సున్నం కూలి సంగతి ఎత్తబోతే
తర్వాత అన్నారు.
"ఎన్ని బిందెలు?"
"నలభై."
"మిగతావి ఎవరు ఆపారు?"
బయట అరుగు మీద గురుబారి,
వెలిగించని చుట్ట వేళ్లలో తిప్పుతోంది.
నోటికి తెలుగు మాటే వచ్చింది:
"ఊట."

గుమాస్తా రాసుకుంటూ
తలెత్తకుండా అడిగాడు:
"తండ్రి పేరు?"

"కొండ" అన్నాను.
అదీ రాసుకున్నాడు.