వంక పెట్టినోళ్లు

అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లోగా తెలపాలని
నగరపాలక నోటీసు.
ఇరవై తొమ్మిదో రోజు
హాల్లో నలభై కుర్చీలు, పదకొండు మంది మనుషులు.
ఫ్యాను కింద కొత్త అనంతపురం పటం
మూలకో రాయి మోసుకుంటూ పడుకుని ఉంది.

నేను రిజిస్టరు గుమాస్తాను.
వరస నంబరు, పేరు, సర్వే నంబరు, అభ్యంతరం, రిమార్కులు.
ఊరంతా ఈ అయిదు గళ్లలోనే కూచోవాలి.

పసుపు ఇళ్లు, ఎరుపు అంగళ్లు,
ఊదా ఫ్యాక్టరీలు,
ఆకుపచ్చ, ఇంకా పుట్టని పార్కులు.
అరవై అడుగుల రోడ్డు
పాతూరు నెత్తి మీద పాపిట తీసినట్టు పోతోంది.

మొదట ఉసేనమ్మ లేచింది,
టవర్ క్లాక్ దగ్గర ఉడకేసిన శనక్కాయలమ్మే మనిషి.
"నీడ ఏ రంగు సామీ?" అంది.
ప్లానింగాయన రంగుల పట్టీని
పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చూశాడు.

"పొద్దున గడియారం నీడలో కూచ్చుంటా,
పన్నెండుకు బ్యాంకు గోడకు జరుగుతా,
మూడింటికి చెప్పులంగడి రేకు కిందికి పోతా.
రోడ్డు ఎడల్పు చేస్తే గోడా పాయ, రేకూ పాయ.
నన్ను ఏ రంగులో కూచ్చోమంటావు?"

సర్వే నంబరు గడిలో ఏం రాయాలో తోచక
"నీడ" అని రాశాను.

తర్వాత సాకే కుళ్లాయప్ప.
ముప్పయ్యేళ్లు వీధివీధికీ నీళ్లు వదిలినవాడు.
ఆ వేళ్లు ఇప్పటికీ
సగం తిప్పిన వాల్వు మీదున్నట్టే వంగి ఉంటాయి.

"ఏమప్పా, నువ్వు కూడా వంకలు పెట్టనీకే వచ్చినావా?"
పెద్దసారు నవ్వాడు.

"వంక పెట్టనీకే వచ్చినా సారూ.
పటంలో మా వంక యాడ పాయ?"

వెనక కుర్చీలో ఎవరో నవ్వారు.
తర్వాత ఎవరూ నవ్వలేదు.

"అది ఎండిపోయిన వంక కదా!"

"ఎండింది నీళ్లు సారూ, దోవ కాదు.
మన జిల్లాలో వాన చుట్టం లెక్క.
ఏడేండ్లకొకసారి వచ్చినా
ఇల్లు యాడుండాదో అడగదు."

గ్లాసులో వేలు ముంచాడు.
నూనె మిల్లు వెనకాల మొదలుపెట్టి
ఈద్గా పక్కగా తిప్పి
మగ్గాల ఇళ్ల కాడ ఒక మెలిక వేసి
అరవై అడుగుల రోడ్డును రెండు చోట్ల తడిపి
బల్ల అంచు దాకా తెచ్చి వదిలాడు.
ఒక చుక్క నా రిజిస్టరు మీద పడింది.

సారు రుమాలు తీశాడు.
పసుపు ఎరుపులోకి పాకింది.

సంతకం చేయప్పా అంటే
"గీత గీసినా కదా" అని వెళ్లిపోయాడు.

సాయంత్రం తాళం వేయడానికి పోతే
పటం మీద నీళ్లు ఆరిపోయి ఉన్నాయి.
కాగితం మాత్రం ఆ మేర లేచి నిలబడింది.
అరచేత్తో ఎంత అణిచినా
మళ్లీ లేస్తోంది, మెలికతో సహా.

రిమార్కుల గడిలో
అందరికీ రాసే మాట ఒకటుంది: పరిశీలించబడును.
రాసుకుంటూ పోయాను.
కుళ్లాయప్ప వరసలో, చుక్క పడి ఉబ్బిన చోట
సిరా నిలవలేదు,
గీత దాటి కింది గడిలోకి పారింది.
దిద్దలేదు.

రేపు ముప్పయ్యో రోజు.
మా ఇల్లు కూడా నూనె మిల్లు వెనకాలే.
వరస నంబరు పన్నెండు
ఇంకా ఖాళీగా ఉంది.