పై మిద్దెకు పెట్టె

కొర్లగుంట సందులో, పొద్దు నెత్తికెక్కినప్పుడు
ఢిల్లీబాబు మూడు తీగలు పైకి లాగినాడు.
"రెండు చాలవా?" అంటే తలెత్తలేదు.

"నల్లదీ పచ్చదీ
వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఒక తూరి కలిసినాయి.
అంతేక్కా.
ఈ పెట్టెలో ఎవురి పట్టీ వాళ్లది.
ఇక్కడా కలిపితే
ఇంట్లో ఇనుమంతా కరుస్తాది."

అప్పుడు తెలిసింది,
మూడేండ్లుగా మరగదం
చెప్పులేసుకుని, చెక్క పలకెక్కి
గ్రైండరు ఎందుకు ముట్టుకుంటాదో.
నేను బాడుగ పెంచేదానికే
ఆ మెట్లెక్కినాను.

సాయంత్రం టెస్టు బటన్ నొక్కినాడు.
టక్కని పడింది.
"పడాలక్కా. పడితేనే."

పెరట్లో ఉప్పూ బొగ్గూ పోసిన గుంతలో
కడవ నీళ్లు వొంపినాను.
పైన పిండి తిరుగుతా ఉంది.
మరగదం ఇంకా
పలక దిగలేదు.